అగ్గిపెట్టెలో పట్టు

ఆ రోజుల్లో తమిళనాడులోని మా కోవిల్‌పట్టి ఇళ్ళలో అగ్గిపెట్టెల్లో అగ్గిపుల్లలు తప్ప అన్నీ ఉండేవి. రాలిన పాలపన్ను, ముక్కుపుడక మర, గుడి నుంచి తెచ్చిన విభూది, గడియారంలోంచి తీసేసిన పాత బ్యాటరీ (ఇది ఎందుకు దాచేవాళ్ళో దాచినవాళ్ళకే తెలియదు), ఇలా చిన్నదీ, పారెయ్యడానికి మనసొప్పనిదీ ఏది కనిపించినా మావాళ్ళ చెయ్యి దానంతట అదే ఖాళీ పెట్టె కోసం తడుముకునేది. మా అమ్మ ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెల కంపెనీ పెట్టెలకు లేబుళ్ళు అంటించేది కనుక మా ఇంట డబ్బుకు కరువొచ్చినా డబ్బాకు కరువు రాలేదు. అన్నిటి మీదా ఒకటే బొమ్మ, రెక్క విప్పిన ఎర్ర కోడిపుంజు. అగ్గిపెట్టెలో పట్టే పట్టుచీర గురించి తెలుగుదేశంలో గొప్పగా చెప్పుకుంటారని నేను చాలా తరవాత విన్నాను. వినగానే చెమట పట్టింది. ఎందుకంటే నేను కూడా ఒకసారి పట్టును అగ్గిపెట్టెలో పెట్టినదాన్నే. అయితే నా పట్టుకు నాలుగు కాళ్ళూ, రెండు పొడుగాటి చెవులూ ఉండేవి. పెట్టెలో పట్టింది దాని వీపులో ఒక్క ముక్క మాత్రమే.

అప్పటికి నాకు విరుదునగర్‌లో ఒక ప్రైవేటు పశువుల ఆసుపత్రిలో సహాయకురాలి ఉద్యోగం వచ్చి కొద్ది నెలలే అయింది. సహాయం అంటే ముఖ్యంగా కాళ్ళు పట్టుకోవడం. అవసరమొస్తే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడంటారు. ఆయన పట్టుకున్నది ఒక్కసారే, నేను నెల జీతానికి పట్టుకునేదాన్ని. డాక్టరయ్య సూది వేస్తారు, నేను కాళ్ళు పట్టుకుంటాను, జంతువు నన్నే తంతుంది. ఉద్యోగం కొత్తదైనా భయం మాత్రం నాకు పాతదే, పుట్టుకతో వచ్చింది. ఏ జబ్బు గురించి వింటే ఆ జబ్బు నాకు వచ్చేసేది. గాలికుంటు గురించి చెప్పిన రోజు అద్దం ముందు నిలబడి నాలుక చాపి చూసుకున్నాను. పొదుగువాపు గురించి చెప్పిన రోజు ఏం చూసుకున్నానో ఇక్కడ రాయను. ఇంట్లో మాత్రం నా పేరు అప్పటికే 'గాడిది డాక్టరు' అయిపోయింది. ఆ బిరుదులో గాడిద ఎవరు, డాక్టరు ఎవరు అన్నది చెప్పేవాళ్ళ ముఖాన్ని బట్టి తెలుసుకోవాలి.

ఆ ఏడు ఐప్పసి వానలు (తెలుగు లెక్కలో కార్తీకానికి కాస్త ముందు) వస్తూనే కూర్చున్నాయి, లేవలేదు. నల్లరేగడి చెప్పులు లాక్కునేది. ముంచిన పుల్లలు ఆరక కంపెనీల్లో పని మందగించింది. ఇంట్లో పప్పు మెత్తబడింది, అప్పడం మెత్తబడింది, చివరికి మా అవ్వ నోరు కూడా కొంచెం మెత్తబడింది. ఎందుకంటే ఆ వానలోనే మా అక్కకు బిడ్డ పుట్టాడు. పెళ్ళయి ఏళ్ళు గడిచాక, మొక్కని గుడి లేదు అనిపించుకున్నాక పుట్టిన బిడ్డ. బావకు తూత్తుకుడి హార్బరులో పని కనుక అక్క పురుడుకు మా ఇంటికే వచ్చింది. బిడ్డ తుమ్మితే మేమందరం లేచి నిలబడేవాళ్ళం. తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదని ఇంకోసారి లేచేవాళ్ళం. బొడ్డు ఎండి ఊడిన రోజు అక్క దాన్ని దూదితో తుడిచి, కోడిపుంజు పెట్టెలో పెట్టి, దేవుడి అరమీద దాచింది. మా వైపు ఆచారం అది. ఎండిన బొడ్డును వెండి తాయెత్తులో పెట్టించి, మంచి రోజు చూసి బిడ్డ మొలతాడుకు కడతారు. దిష్టీ దెయ్యమూ దగ్గరికి రావట. ఆ మంచి రోజుకని నేను సెలవు పెట్టి రెండు రోజులు ముందుగా ఇంటికి వచ్చాను.

ఇంకో ఆచారం కూడా ఉంది. పసిబిడ్డ నాలుక మీద గాడిద పాలు నాలుగు చుక్కలు వెయ్యాలి. ఉబ్బసం రాదు, కామెర్లు రావు, గొంతు కంచులా మోగుతుంది అని అవ్వ పట్టు. (గాడిద గొంతు విన్నవాళ్ళు ఈ మూడో మాట ఎలా నమ్మారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.) మా వీధికి పాలు తెచ్చేది పాలమామ. మాకు చుట్టం కాడు గానీ ఊళ్ళో అందరికీ మామే. ఊరి చివర గుడిసెలో ఉంటాడు, మెడలో ఇత్తడి చెంబు వేసుకుని, వాకిళ్ళ ముందు గాడిదను నిలబెట్టి, అప్పటికప్పుడు పిండి ఉగ్గుగిన్నెలో పోస్తాడు. ఆ గాడిద పేరు పట్టు. కోవిల్‌పట్టిలో అంత నున్నటి వెంట్రుక ఇంకో గాడిదకు లేదని దాని యజమాని గర్వం. వెనకాలే దాని పిల్ల, కాళ్ళు ఎక్కువై ఒళ్ళు తక్కువైనట్టు తడబడుతూ వచ్చేది.

ఆ పొద్దున పాలమామ వచ్చేసరికి వాన జల్లుగా పడుతోంది. పట్టు ఒంటి మీద నీలం ప్లాస్టిక్ షీటు, పొట్ట కిందుగా తాడుతో బిగించి కట్టి ఉంది. కంపెనీకి వచ్చే పుల్లల కట్టలకు చుట్టే షీటు అది. మా ఊళ్ళో తడవకూడని దానికి చేసే మర్యాద అదే, గాలి చొరకుండా చుట్టెయ్యడం. వాన మొదలైన నాటి నుంచి బిడ్డను చుట్టినట్టు చుట్టి ఉంచినానని పాలమామ మురిసిపోతూ చెప్పాడు. అవ్వ ఉగ్గుగిన్నె పట్టింది, అక్క బిడ్డ నోట్లో వేసింది, బిడ్డ చప్పరించి, మా అందరి వంకా ఓ చూపు చూసి, నిద్రపోయాడు. అంతా అయిపోయాక నాకు ఉద్యోగం గుర్తొచ్చింది. నలుగురిలో నా చదువు కనిపించాలి కదా అని పట్టు దగ్గరికి వెళ్ళి, షీటు అంచు ఎత్తి, వీపు నిమరబోయాను.

లోపలి నుంచి పులిసిన వాసన వచ్చింది. వెంట్రుకలు నున్నగా లేవు. వెన్ను పొడవునా, అక్కడి నుంచి వాన కారే దారి వెంట పక్కలకీ, పిరుదుల మీదకీ కుచ్చులు కుచ్చులుగా అంటుకుపోయి ఉన్నాయి. వేలు తగిలిందో లేదో పట్టు ఒళ్ళంతా వణికి చెవులు వెనక్కి పెట్టింది. ఒక కుచ్చు నా చేతిలోకి ఊడి వచ్చింది. కింద గట్టి పొక్కు, దాంట్లోంచి లేచిన వెంట్రుకలు, మందులో ముంచి తీసిన పుల్లల కట్టను తిరగేసినట్టు. ఊడిన చోట చర్మం గులాబీ రంగులో, తడిగా, చీము మెరుస్తూ ఉంది.

అదేంది అని అవ్వ అడిగింది. ఏమీ లేదన్నాను. నా నోరు ఏమీ లేదంటుంటే నా ముఖం అన్నీ ఉన్నాయని చెప్పేసినట్టుంది, అక్క బిడ్డను గుండెకు అదుముకుని గడప దగ్గరికి వచ్చింది. ఉగ్గుగిన్నె ఇంకా తడి ఆరలేదు.

"నువ్వు చూసేలోగా తాపించేసినామే," అంది అక్క. ఆమె గొంతు పెంచలేదు, అందుకే నాకు భయమేసింది. "బిడ్డకు ఏమన్నా అవుతుందా, అవదా? అది చెప్పు, సాలు. మిగిలిన కతంతా నాకొద్దు."

నాకు తెలిసినవన్నీ ఒకేసారి బుర్రలోకి తోసుకొచ్చాయి. గజ్జి అయితే జంతువు పొద్దస్తమానం గోడకు రుద్దుకుంటుంది. పట్టు రుద్దుకోవడం లేదు, ముట్టుకుంటే నొప్పితో ముడుచుకుంటోంది. తామర అయితే గుండ్రంగా మచ్చలు ఉండాలి. ఇవి గుండ్రంగా లేవు, వాన గీసిన గీతల్లా ఉన్నాయి. మరి ఇంకేమిటి? పాలలోకి దిగుతుందా? బిడ్డ నోట్లోకి? నేను తెలివిగా కనిపించడానికి గడ్డం గోక్కున్నాను. వెంటనే గడ్డం నిజంగానే దురద పెట్టింది.

డాక్టరయ్యకు ఫోన్ చేశాను. ఆయన నిదానంగా విన్నారు (నిదానంగా వినేవాళ్ళతో నాకు ఊపిరాడదు). ఒళ్ళు తడిగా ఉండిపోతే చర్మానికి పట్టే వాన జబ్బులా ఉంది, అయినా చూడకుండా తేల్చను, ఒక పొక్కు తీసుకురా, తడిగా ప్లాస్టిక్‌లో చుట్టకు, ఎండు పెట్టెలో పెట్టి తీసుకురా అన్నారు. అంతవరకు ఆ పాలు ఇంక పట్టొద్దనీ, బిడ్డకు జ్వరం వస్తుందేమో చూడమనీ చెప్పారు. ఎండు పెట్టె అనగానే మా ఇంట్లో ఎవరికైనా ఇంకో ఆలోచన వస్తుందా? పొక్కును కోడిపుంజు పెట్టెలో పెట్టాను. బిడ్డకూ, ఎలుకలకూ, అవ్వకూ అందని ఎత్తు కోసం వెదికాను. ఆ ఇంట్లో అలాంటి చోటు ఒక్కటే, దేవుడి అర. అవ్వకు అందదన్నది నా అంచనా మాత్రమే.

రాత్రంతా అక్క బిడ్డ నుదురు ముట్టుకుంటూ కూర్చుంది. తెల్లవారేసరికి కరెంటు పోయింది. మసక వెలుతురులో అర మీద చెయ్యి పెట్టి, పెట్టె తీసి, రబ్బరు బ్యాండు వేసి, రెండు కాగితాల్లో చుట్టి, సంచి అడుగున పెట్టుకుని మొదటి బస్సు ఎక్కాను. పెట్టె తెరిచి చూసుకోవలసింది. కానీ అంటుకుంటుందని భయం. దారి పొడవునా మోచేయి, మెడ, చెవి వెనక, ఒకదాని తరవాత ఒకటి వంతు వేసుకున్నట్టు దురద పెట్టాయి. పక్కన కూర్చున్న ఆయన సాత్తూరు రాకముందే మర్యాదగా లేచి ముందు సీటుకు మారాడు.

విరుదునగర్‌లో డాక్టరయ్య చేతులకు తొడుగులు వేసుకుని పెట్టె తెరిచారు. ఉన్నదాన్ని పట్టకారుతో తిప్పి చూశారు. కొస కొంచెం కత్తిరించి, గాజుపలక మీద నలిపి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూశారు. వాన జబ్బయితే రైలు పట్టాల్లా జంటగా సాగే సూక్ష్మజీవులు కనిపిస్తాయని ముందే చెప్పారు. నేను పట్టాల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన తలెత్తి, ఇది గాడిద ఒంట్లో ఎక్కడిదమ్మా అని అడిగారు. వీపుదన్నాను. వీపు మీద ఒక్క వెంట్రుక కూడా లేదేమిటి అన్నారు. ఆపైన, నన్ను నొప్పించకుండా అడిగే గొంతుతో, ఆ గాడిదకు ఈమధ్య పిల్ల పుట్టిందా, ఇది చూడబోతే బొడ్డులా ఉందే అన్నారు.

నేను కూర్చున్నాను. అక్కడ కుర్చీ లేదని కూర్చున్నాక తెలిసింది.

ఆ మధ్యాహ్నమే అవ్వ తాయెత్తు చేయించడానికి వెండిపని చేసే ఆచారి దగ్గరికి పోతుంది. అరమీద మిగిలిన పెట్టెతో పోతుంది. మర్నాడు పొద్దున ఆ తాయెత్తు బిడ్డ మొలకు కడతారు. పసిచర్మం. పట్టు వీపు చర్మం మీద గులాబీ రంగులో చూసిన తడి నా కళ్ళ ముందు ఆడింది. డాక్టరయ్య నేను చెప్పింది విన్నారు, నవ్వలేదు (ఆ రుణం ఎప్పటికీ తీర్చలేను). కత్తిరించగా మిగిలిన మా మేనల్లుడి బొడ్డును దూదిలో చుట్టి, తన బల్ల సొరుగులోంచి మాత్రల డబ్బా ఒకటి తీసి అందులో పెట్టి ఇచ్చారు. నువ్వు చెప్పిన గుర్తులను బట్టి వాన జబ్బే అయి ఉంటుంది, అది చర్మానికి వచ్చేది, పాలకు వచ్చేది కాదు, కాకపోతే పచ్చిపాలు పసిబిడ్డకు ఏ జంతువువైనా పట్టకూడదు అన్నారు. పొక్కు మాత్రం మనుషులకు అంటే అవకాశం ఉంది, అరుదు గానీ ఉంది, వెంటనే పో అన్నారు. నాకు 'అరుదు గానీ' వినపడలేదు, 'ఉంది' ఒక్కటే వినపడింది.

కరెంటు లేక ఇంట్లో ఫోన్లన్నీ చచ్చి ఉన్నాయి. బస్సులోంచి బావకు చేశాను. ఆయన తూత్తుకుడి నుంచి బయల్దేరబోతున్నాడు. బస్సు కిక్కిరిసి ఉంది. మా వాళ్ళకు ఇలాంటి వేళ ఒక వసతి ఉంది. బయట తమిళం మాట్లాడతాం, గుట్టు ఉంటే తెలుగులోకి దిగుతాం. నేను గొంతు తగ్గించి, చక్కని ఇంటి తెలుగులో, "బావా, తాయెత్తు మూయొద్దని చెప్పు. పెట్టెలో ఉండేది బిడ్డ బొడ్డు కాదు, గాడిది పొక్కు," అన్నాను. బావ ఊ అన్నాడు. ఆయన స్వభావానికి ఊ అంటే ఇంకా ఆలోచిస్తున్నాడని అర్థం. ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అని ఆయన ఆలోచించేలోగా నా ఫోన్ కూడా చచ్చింది. అప్పుడు పక్క సీటులో, ఒడిలో మిరపకాయల సంచి పెట్టుకున్న ముసలామె నా వైపు తిరిగింది.

"ఎవురి బొడ్డు అంటివి?"

తెలుగే. మా తెలుగే. ఆ వైపు ప్రతి బస్సులోనూ సగం మంది మావాళ్ళే ఉంటారన్న సంగతి నాకు అవసరం ఉన్నప్పుడు ఎప్పుడూ గుర్తుండదు. ఆమె నా ఊరు అడిగింది, అవ్వ పుట్టిల్లు అడిగింది, దూరపు వరసలు కలిపింది, ఆ తరవాత నా కష్టాన్ని తమిళంలోకి మార్చి ముందు సీటుకు అందించింది. పొక్కు విషయం పొక్కకూడదనే కదా తెలుగులో చెప్పాను! సాత్తూరు దాటేసరికి కండక్టరు కూడా వచ్చి బిడ్డకు జ్వరం ఉందా అని అడిగాడు. గాడిదకు వేపనూనె దట్టంగా పట్టించమని ముసలామె సలహా. నూనె తడిని లోపలే బంధిస్తుంది, ఈ జబ్బుకు నూనె పనికిరాదు అన్నాను. "అట్లయితే ఏమి పుయ్యాల?" అని ఆమె అడిగింది. ఏమీ పూయకూడదు, ఆరబెట్టాలి అన్నాను. బయట కుంభవృష్టి. బస్సు బస్సంతా ఒకసారి కిటికీల వైపు చూసి, నా వైపు జాలిగా చూసింది. ఒక మేలు మాత్రం జరిగింది. కోవిల్‌పట్టిలో నేను దిగాల్సిన సందు మొదట్లోనే, ఆగకూడని చోట, డ్రైవరు బస్సు ఆపాడు.

ఆచారి కొట్టు బజారు వెనక సందులో, పీట వేసుకుని కూర్చునేంత గది. నేను తడిసి ముద్దయి చేరేసరికి అవ్వ బల్ల మీద మఠం వేసుకుని, అక్కడున్న నలుగురికీ ఏదో చెబుతూ కళ్ళు ఒత్తుకుంటోంది. ఏడుపు కాదు, సంతోషం. ఆచారి చేతిలో తాయెత్తు ఉంది, మూత పెట్టడం అయింది, అంచుకు లక్క కరిగిస్తున్నాడు. నన్ను చూడగానే అవ్వ చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"వచ్చినావా పాపా. మీ తాత తిరిగి వచ్చినాడే. బొడ్డుకు వెంటికలు, చూసినావా? ఇంత పొడుగు. ఆ మనిషి వీపు కూడా ఇట్లనే ఉండె, ఎండకాలం సొక్కా ఇప్పితే ఎలుగ్గొడ్డు మాదిరి. నేను పెట్టె తెరిసి చూసినా, ఒళ్ళు జల్లుమనె. మొదులు పేరు మార్చాలని చెప్పినా మీ అక్కకు."

అక్క ఫోన్‌లో వెదికి పెట్టుకున్న చిన్న నాజూకు పేరు అప్పటికే రద్దయిపోయిందన్నమాట. తాత పోయినప్పుడు నేను బడికి పోయే వయసు. ఆ తరవాత అవ్వ ముఖం అలా వెలగడం నేను చూడలేదు. నా సంచిలో మాత్రల డబ్బా, అందులో అసలు బొడ్డు. చెప్పకుండా మార్చగలనా అని చూశాను. ఆచారి చేతిలో తాయెత్తు, లక్క కరుగుతోంది. ఒక్క క్షణం, చెప్పకపోతే ఏమవుతుంది, వెండి లోపల ఉంటుంది కదా, బయటికి రాదు కదా అనిపించింది. వెంటనే వాన, చెమట, స్నానం, బిడ్డ మొల, అన్నీ వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి.

"అవ్వా, అది బొడ్డు కాదు," అన్నాను.

"మరేంది?"

"పట్టుది. దాని వీపు మీది పొక్కు. పెట్టెలు మారిపొయినాయి."

ఆచారి లక్క పక్కన పెట్టాడు. తన వేళ్ళు చూసుకున్నాడు. వాటిని పంచకు తుడవబోయి, ఆగి, గాలిలో అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అవ్వ తాయెత్తు వంక చూసింది, నా వంక చూసింది, వీధిలో వాన చూసింది. నేను మళ్ళీ నోరు తెరవబోయాను.

"ఉండు," అంది. ఇంకాసేపటికి, ఎవరితోనో అన్నట్టు, "బతికినన్నాళ్ళూ ఆ మనిషిని గాడిదీ గాడిదీ అనే పిలిచినా. మళ్ళా రావాలంటే యాడికని పోతాడు, పావం," అంది.

ఆచారి సబ్బు తెమ్మని లోపలికి కేకేశాడు. తాయెత్తు విప్పించి, మరిగిన నీళ్ళలో వేయించి, అసలు బొడ్డు (కొస ఒకటి విరుదునగర్‌లో ఉండిపోయిన బొడ్డు) దగ్గరుండి పెట్టించాను. తీసిన పొక్కును కాగితంలో చుట్టి ఆచారి కుంపట్లో వేయించాను. వెంట్రుక కాలిన వాసనకు అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, కళ్ళకు కూడా.

ఇంటికి పోయాక అక్క అడిగింది ఒక్కటే, బిడ్డకు ఏమవుతుంది అని. జబ్బు పాలలో ఉండదని డాక్టరయ్య అన్న మాట చెప్పాను. పచ్చిపాలు పట్టకూడదన్నదీ చెప్పాను. అక్క బిడ్డను నా ఒడిలో పెట్టి, "అయితే నువ్వే చూస్తా కూచో," అని లోపలికి పోయి నిద్రపోయింది, ఎన్నాళ్ళ నిద్రో. నేను కూర్చున్నాను. ఆ వారమంతా బిడ్డ ఒంటి మీద ప్రతి దోమకాటుకూ నా ప్రాణం పోయి వచ్చింది. వాడికి జ్వరం రాలేదు, పొక్కు రాలేదు, ఆకలి మాత్రం వచ్చింది. మొలతాడు కట్టిన రోజు అవ్వ పేరు సంగతి ఎత్తలేదు. అక్కే, ఎవరూ అడగకుండా, తాత పేరు పెట్టేసింది. ఫోన్‌లో వెదికిన పేరు ఇప్పటికీ ఎక్కడో ఖాళీగా ఉండి ఉంటుంది.

మొలతాడు కట్టిన మర్నాడు వాన కాస్త తెరిపి ఇవ్వగానే డాక్టరయ్య వచ్చారు. పట్టు వీపు నుంచి కొత్త పొక్కు తీసుకున్నారు, ఈసారి ఆయన డబ్బాలో. వాన జబ్బే అని సాయంత్రానికి ఫోన్ చేసి చెప్పారు. మొదట చెయ్యాల్సింది షీటు తియ్యడం. అది తడి రాకుండా కాపాడలేదు, ఒంటి చెమటను బయటికి పోనివ్వకుండా ఉడికించింది. బిడ్డను చుట్టినట్టు చుట్టిన పాలమామ ఆ మాట విని నేల చూపులు చూశాడు. కట్టడానికి తాడు ఇచ్చింది మా అమ్మ అని నేను చెప్పాను, ఆయనకు కాస్త ఊరట. పుల్లలు లేక ఖాళీగా ఉన్న, మా ఇంటి ఎదుటి కంపెనీ షెడ్డు పంచలో, గాలి ఆడే చోట తల్లినీ పిల్లనూ కట్టాం. గోరువెచ్చని నీళ్ళలో అయోడిన్ మందు కలిపి, పొక్కులను నానబెట్టి, మెత్తబడ్డవాటినే తీసి, మొండికేసినవాటిని వదిలేసి, కడిగిన ప్రతిసారీ పొడి గుడ్డతో అద్ది ఆరబెట్టడం నా పని. లాగితే పుండు అవుతుంది. తీసిన పొక్కులు కాల్చెయ్యాలి, దువ్వెన మార్చాలి, చేతులు కడగాలి. సూదులు డాక్టరయ్య వేసి, నా సెలవు పొడిగించి పోయారు. పట్టు ఎంత మొండిదంటే, పట్టుకున్న కాలు విడిపించుకోవడంలో దానికి ఉన్న పట్టుదల నాకు చదువులో ఉంటే నేనే డాక్టరును అయ్యేదాన్ని.

అవ్వ ప్రతి సాయంత్రం కొంగులో కడలై మిఠాయి, అంటే వేరుశనగ పాకం చెక్క, ముడి వేసుకుని వచ్చేది. డాక్టరయ్య తీపి వద్దన్నారని చెబితే, అది నాకు అని ఒక ముక్క తను తిని మిగతాది పట్టుకు పెట్టేది. తాత సంగతి నమ్ముతోందో, నన్ను ఆటపట్టిస్తోందో తెలిసేది కాదు. ఒకరోజు నేను తొట్టి వెనక ఉన్నానని తెలియక పట్టు చెవిలో, "ఆడపుట్టుక పుట్టినావా? ఇప్పుడు తెలిసిందా ఎట్ల ఉంటుందో," అంది. పట్టు చెవి కదిలించింది. అవ్వ దాని నుదురు మీద, జబ్బు లేని చోట, చాలాసేపు చెయ్యి పెట్టుకుని నిలబడింది. నేను చప్పుడు చెయ్యకుండా వెనక దారిన వెళ్ళిపోయాను.

కొన్నాళ్ళకు గులాబీ మచ్చల మీద బూడిదరంగు నూగు వచ్చింది. ఒక పొద్దున వాన ఆగి ఎండ కాసింది. పాలమామ తాడు విప్పాడు. పట్టు నాలుగడుగులు వేసి, షెడ్డు ముందు ఆరీ ఆరని నల్లమట్టిని ఓసారి వాసన చూసి, ముందు కాళ్ళు మడిచి, నేను అన్నాళ్ళు కడిగి, అద్ది, ఆరబెట్టిన ఆ వీపును మట్టిలో ఆనించి, కాళ్ళు ఆకాశానికి ఎత్తి దొర్లింది. పక్కనే దాని పిల్ల కూడా. నేను తువ్వాలు ఊపుతూ అరుచుకుంటూ పరుగెత్తాను. "ఇడువు తల్లీ," అని పాలమామ వెనక నుంచి పిలిచాడు, "దానికి బాగయింది కాబట్టే పొర్లుతా ఉండాది." గడపలో బిడ్డను ఎత్తుకుని నిలబడ్డ అక్క, పురుడు వచ్చినప్పటి నుంచి మొదటిసారిగా, పొట్ట పట్టుకుని నవ్వింది. నేను ఆగలేదు. మట్టిలో రెండు చెప్పులూ పోగొట్టుకుని, పట్టు చుట్టూ తువ్వాలుతో తిరుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఇలాంటి పొక్కు కనిపిస్తే నాకు గుండె దడ రాదు, చెయ్యే ముందుగా పని మొదలుపెడుతుంది. అయినా వానలు తెరిపి ఇచ్చిన పొద్దుల్లో ఎప్పుడైనా అప్పటి నేను, ఆ తువ్వాలు పిల్ల గుర్తొస్తుంది. ఇంక చాలమ్మా, అంతా బాగయింది అని చెబుదామని నేనూ మనసులోనే దాని వెనక కొంత దూరం పరుగెత్తుతాను. అందుకోలేక, ఆయాసం వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడిపోతాను. అది వెనక్కి తిరిగి చూడదు.